దాచిన వ్రాతలు, దాచిన మనుషులు

రష్యను సాహిత్యం మన తెలుగు ఇండ్లకు కొత్తది కాదు. ఒక తరంవారి చిన్నతనం ఆ పుస్తకాల మధ్యనే గడిచిందంటే అతిశయోక్తి లేదు. గట్టి అట్ట, మంచి కాగితం, చక్కని బొమ్మలు. ధర మాత్రం బహు స్వల్పం. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయంవారు, తరువాత రాదుగవారు అచ్చువేసి పంపితే, విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా అవి ఊరూరా చేరేవి. గోర్కీ ‘అమ్మ’ పేరు వినని తెలుగు చదువరి ఆ రోజుల్లో అరుదు. ఆ అనువాదకులలో ఒకరు మనబోటి ప్రవాసాంధ్రుల గడ్డమీద పుట్టినవారే. ‘అతడు - ఆమె’ నవల వ్రాసిన ఉప్పల లక్ష్మణరావుగారి జన్మస్థలం బరంపురం. ఆయన ఏళ్ళ తరబడి మాస్కోలో ఉండి రష్యను గ్రంథాలను తెలుగు చేశారు.

ఆ పుస్తకాలను ఇప్పుడు చులకన చేయడం కృతఘ్నత అవుతుంది. ఐతే మనకు చేరినవి ఒక బీరువాలోని పుస్తకాలు. అదే దేశంలో, అదే కాలంలో, రెండవ బీరువా ఒకటి ఉండేది. దానికి అద్దాలు లేవు, తాళం లేదు, అసలు అది బీరువాయే కాదు. వంటింటి గిన్నె, తలగడ, పాత పెట్టె అడుగు, తోటలో గోతి, కొన్నిచోట్ల కేవలం మనిషి జ్ఞాపకం - ఆ పుస్తకాలుండే చోట్లు ఇవి. వ్రాసినవారి పేర్లు నేడు లోకమంతటా తెలుసు. దాచిపెట్టినవారి పేర్లు అంతగా తెలియవు. వారిలో ఎక్కువమంది స్త్రీలు - భార్యలు, స్నేహితురాండ్రు, టైపు చేసే ఉద్యోగినులు. ఆ దాచినవారి సంగతే ఇక్కడ ముఖ్యంగా చెప్పదలచింది.

ముందుగా అక్కడి పద్ధతి కొంచెం చెప్పాలి. 1922లో సోవియట్ ప్రభుత్వం ‘గ్లావ్‌లిత్’ అనే కార్యాలయం ఏర్పరచింది. అచ్చయ్యే ప్రతి కాగితమూ ఆ కార్యాలయం ముద్ర పడి రావలసిందే. 1934లో రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. ఆ సంఘంలో సభ్యత్వముంటే ఇల్లు, జీతం, విశ్రాంతి గృహం, లక్షల ప్రతుల ముద్రణ. లేకపోతే అచ్చు లేదు, అన్నమూ కష్టమే. బ్రిటిషువారు మన ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని నిషేధించిన సంగతి చదువరులు ఎరుగుదురు. కాని అప్పుడు ఊరికి ఒక ప్రైవేటు అచ్చుయంత్రమైనా ఉండేది. చాటుగానైనా ప్రతి చేతులు మారేది. రష్యాలో అచ్చుయంత్రాలన్నీ ప్రభుత్వంవే. పైగా దాచిన కాగితం దొరికితే దాచినవారికీ శిక్షే. ఒక్క 1937, 1938 సంవత్సరాలలోనే మరణశిక్ష పడి కాల్చివేయబడినవారు దాదాపు 6,80,000 మంది అని ఆ రహస్య పోలీసుల సొంత లెక్కలే తరువాత బయటపెట్టాయి. ఈ అంకె మనసులో పెట్టుకొని క్రింది సంగతులు చదవాలి.

అన్నా అఖ్మాతోవా 1889లో పుట్టింది. విప్లవానికి పూర్వమే పేరెన్నికగన్న కవయిత్రి. మొదటి భర్త, కవి గుమిల్యోవ్‌ను 1921లో కాల్చివేశారు. కొడుకు లేవ్‌ను 1935లో ఒకసారి, 1938లో ఇంకొకసారి పట్టుకుపోయారు. లెనిన్‌గ్రాడులో నేవా నది ఒడ్డున ‘క్రెస్తీ’ అని ఎర్ర ఇటుకల చెరసాల ఉండేది. ఆ గోడ ప్రక్కన తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు వరుసకట్టి నిలబడేవారు. కిటికీ దగ్గరకు చేరి డబ్బుగాని మూటగాని అందించడం, లోపలివారు పుచ్చుకుంటే మనిషి ఇంకా అక్కడ ఉన్నాడని గ్రహించడం - అంతకు మించి వార్త తెలిసే మార్గం లేదు. ఆమె పదిహేడు నెలలు ఆ వరుసలో నిలబడింది. చలికి పెదవులు నీలమైపోయిన ఒక స్త్రీ, ఈమె ఎవరో తెలిసి, దీనిని మీరు వ్రాయగలరా అని చెవిలో గుసగుసగా అడిగిందట. వ్రాయగలనని ఈమె జవాబిచ్చిందట. ‘రెక్వియెమ్’ అనే కావ్యానికి అది నాంది. చనిపోయినవారి ఆత్మశాంతికై చేసే ప్రార్థనకు క్రైస్తవ దేశాలలో ఆ పేరు.

వ్రాయడమైతే వ్రాసింది, కాగితం ఉంచుకోవడం ఎలా? ఇంట్లో గోడలకు చెవులున్నాయని అనుమానం. సోదాలు ఎప్పుడైనా జరగవచ్చు. అఖ్మాతోవా ఒక ఉపాయం చేసింది. నమ్మకమైన స్నేహితురాలు వస్తే, టీ ఇవ్వనా అనో, వాతావరణం గురించో గట్టిగా మాట్లాడుతూ, చిన్న కాగితంమీద కొత్త పంక్తులు గబగబ వ్రాసి అందించేది. వచ్చినావిడ పెదవులు కదపకుండా రెండు మూడుసార్లు చదువుకొని, కంఠస్థం చేసి, తిరిగి ఇచ్చేది. వెంటనే అగ్గిపుల్ల గీసి ఆ కాగితాన్ని సిగరెట్టు బూడిద వేసే పళ్ళెంలో కాల్చివేసేవారు. ఇలా ఆ కావ్యం కొద్దిమంది జ్ఞాపకంలో పాతికేళ్ళ చిల్లర జీవించింది. వీరిలో ఏ ఒక్కరైనా నోరు జారితే అందరికీ ముప్పే. ఎవరూ నోరు జారలేదు.

వేదాన్ని గురుముఖతః నేర్చుకున్న దేశంలో పుట్టిన మనకు కంఠస్థం చేయడం వింత కాదు. మదరాసు ప్రాంతంలోనూ, మైసూరు పల్లెలలోనూ తెలుగు అక్షరం చదవలేని ముసలమ్మలు తెలుగు పాటలు మొదటినుంచి చివరిదాకా పాడడం మనమందరం విన్నదే. ఐతే మన ముసలమ్మలు పది మందిలో, పెండ్లిపందిట్లో, రోటి దగ్గర గొంతెత్తి పాడారు. అక్కడ ఆ స్త్రీలు రాత్రివేళ ఒంటరిగా, లోలోపల, తప్పు పోకుండా అప్పజెప్పుకున్నారు. మరచిపోతే అడగడానికి పుస్తకం లేదు.

1946 ఆగష్టులో పార్టీ అఖ్మాతోవాను బహిరంగంగా ఖండించింది. రచయితల సంఘం ఆమెను వెలివేసింది. 1949లో కొడుకును మూడవసారి తీసుకుపోయారు. అప్పుడామె, కొడుకు విడుదలౌతాడేమోనన్న ఆశతో, స్టాలిన్‌ను పొగుడుతూ పద్యాలు వ్రాసి 1950లో అచ్చుకిచ్చింది. కొందరు విమర్శకులు దీనిని ఆమె జీవితంలో మచ్చగా చెబుతారు. బిడ్డను కన్నవారెవరూ అలా అనలేరని నా అభిప్రాయం. ఆ పద్యాలు పనిచేయలేదు. లేవ్ 1956లో, స్టాలిన్ పోయిన మూడేళ్ళకు గాని రాలేదు. వచ్చిన తరువాత, తల్లి తనకోసం చేయవలసినంత చేయలేదని మనసులో పెట్టుకున్నాడు. తల్లీకొడుకులు మునుపటివలె కలిసింది లేదు. ‘రెక్వియెమ్’ 1963లో మ్యూనిక్ నగరంలో, ఆమె అనుమతి లేకుండానే, రష్యను భాషలో అచ్చయింది. సొంత దేశంలో అచ్చయ్యేసరికి 1987. ఆమె 1966 మార్చి 5న మరణించింది. స్టాలిన్ పోయింది 1953లో అదే తేదీన.

ఆ కొద్దిమందిలో ఒకరైన లీడియా చుకోవ్‌స్కాయా కథ వేరుగా చెప్పవలసినది. ఆమె తండ్రి కొర్నేయ్ చుకోవ్‌స్కీ, రష్యను పిల్లలందరూ ఎరిగిన బాలకవి. భర్త బ్రోన్‌స్టెయిన్ భౌతికశాస్త్రజ్ఞుడు. 1937లో ఆయనను పట్టుకుపోయారు. ఉత్తరాలు వ్రాసుకునే హక్కు లేని పదేళ్ళ శిక్ష అని ఆమెకు చెప్పారు. ఆ మాటకు అసలు అర్థం వేరు. 1938 ఫిబ్రవరిలోనే ఆయనను కాల్చివేశారు. ఆమెకు నిజం తెలియడానికి ఏళ్ళు పట్టింది.

1939-40 చలికాలంలో ఆమె ఒక బడిపిల్లల నోటు పుస్తకంలో చిన్న నవల వ్రాసింది. పేరు ‘సోఫియా పెత్రోవ్నా’. అందులో వీరులు లేరు, ఉపన్యాసాలు లేవు. లెనిన్‌గ్రాడులో ఒక ప్రచురణాలయంలో టైపు విభాగం చూసుకునే విధవరాలు, ఇంజనీరైన ఆమె ఒక్కగానొక్క కొడుకు - ఇంతే. ప్రభుత్వం మంచిదని ఆమె నమ్మకం. పొరుగువారిని పట్టుకుపోతే వాళ్ళు ఏదో చేసే ఉంటారనుకుంటుంది. తన కొడుకును పట్టుకుపోయినప్పుడు మాత్రం, ఇది పొరబాటు, రేపోమాపో సరిదిద్దుతారు అనుకుంటుంది. చెరసాల ముందు వరుసలో నిలబడ్డ ఇతర తల్లులను చూసి, వీళ్ళందరూ ద్రోహుల తల్లులు కాబోలునని ప్రక్కకు జరుగుతుంది. ఆ ఒక్క ఘట్టం చాలు, భయం మనిషి బుద్ధిని ఏం చేస్తుందో తెలియడానికి. కథ ఎలా ముగుస్తుందో ఇక్కడ చెప్పను. ఆఖరు పుట చదివిన రాత్రి నిద్ర పట్టడం కష్టం.

ఆ నోటు పుస్తకాన్ని ఒక స్నేహితునికి దాచమని ఇచ్చింది. జర్మనులు లెనిన్‌గ్రాడును ముట్టడించిన కాలంలో ఆ స్నేహితుడు ఆకలితో చనిపోయాడు. చనిపోయే ముందు తన చెల్లెలికి అప్పగించాడు. రొట్టెముక్క దొరకని ఊళ్ళో, వంట చెరకు లేక బల్లలూ పుస్తకాలూ పొయ్యిలో పెట్టిన చలిలో, ఆ నోటు పుస్తకం మాత్రం పొయ్యిలోకి పోలేదు. క్రుశ్చెవ్ కాలంలో ఒక ప్రచురణాలయం దానిని అచ్చువేస్తామని ఒప్పందం చేసుకొని, గాలి మారగానే వెనక్కు తగ్గింది. చుకోవ్‌స్కాయా కోర్టుకు వెళ్ళింది. ఒప్పందం ప్రకారం ఇవ్వవలసిన పారితోషికం పూర్తిగా ఇప్పించారు. పుస్తకం మాత్రం అచ్చువేయలేదు. డబ్బు చేతికి వచ్చి పుస్తకం రాకపోవడం రచయితల చరిత్రలో బహుశః వింతే! 1965లో పారిస్‌లోను, 1988లో స్వదేశంలోను అది వెలువడింది.

ఇక కవి మాండెల్‌స్తామ్ భార్య నదేజ్దా. 1933లో మాండెల్‌స్తామ్ స్టాలిన్‌మీద 16 పంక్తుల పద్యం అల్లి, కాగితంమీద పెట్టకుండా, కొద్దిమంది స్నేహితులకు చదివి వినిపించాడు. వారిలో ఎవరో వెళ్ళి చెప్పారు. 1934లో పట్టుకొని దూరప్రాంతానికి పంపివేశారు; 1938 మేలో మళ్ళీ పట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు 27న వ్లదివొస్తోక్ దగ్గర ఖైదీల మజిలీ శిబిరంలో ఆయన మరణించాడు. భార్యకు ఎవరూ కబురు చేయలేదు. ఆమె పంపిన మూట, పుచ్చుకోవలసినవాడు చనిపోయాడు గనుక తిరిగి పంపుతున్నామన్న మాటతో వెనక్కు వచ్చింది. తెలియడం అలా తెలిసింది.

అప్పటికి ఆమె వయస్సు 39. తరువాతి పాతికేళ్ళూ ఆమెకు ఉన్న పని ఒక్కటే: భర్త పద్యాలు పోకుండా చూడడం. మాస్కోకు నూరు కిలోమీటర్ల లోపల ఉండడానికి వీలులేదు గనుక, ఆ హద్దు ఆవల స్త్రూనినో అనే ఊళ్ళో నూలు మిల్లులో చేరింది. రాత్రి పాళీలో యంత్రాల మధ్య అటూ ఇటూ పరుగెడుతూ, నిద్ర ఆపుకోవడానికీ, మరచిపోకుండా ఉండడానికీ పద్యాలు గొణుగుకునేదట. చేతివ్రాత కాగితాలు కొన్ని గిన్నెలలో, కొన్ని తలగడలలో, కొన్ని నమ్మినవారి ఇండ్లలో ఉంచింది. తరువాత ఊరు తరువాత ఊరుగా ఇంగ్లీషు పంతులమ్మగా తిరిగింది. కాగితాలను పూర్తిగా నమ్మలేక, పద్యాలనూ, ఆయన గద్యంలో కొన్ని భాగాలనూ కూడ కంఠతా పెట్టింది. 1964లో గాని మాస్కోలో ఉండనివ్వలేదు. 1970లో ఆమె జ్ఞాపకాల గ్రంథం న్యూయార్కులో వెలువడింది. అది చదివినవారు ఆమెను కేవలం పతివ్రత అని మెచ్చుకొని ఊరుకోలేరు. అంత పదునైన గద్యం, అంత నిర్దాక్షిణ్యమైన చూపు చాలమంది రచయితలకు లేవు. స్నేహితులనూ వదలలేదు, కొన్నిచోట్ల అన్యాయంగా కూడ మాట్లాడిందని చుకోవ్‌స్కాయాయే తరువాత కోపగించుకుంది.

బుల్గాకొవ్ సంగతి కొంత క్షేమంగా గడిచినది. ‘మాస్టరు - మార్గరీతా’ నవలను ఆయన 1930లో ఒకసారి తానే తగులబెట్టి, మళ్ళీ మొదలుపెట్టి, చూపు పోయి మంచం పట్టాక భార్య ఎలేనాకు దిద్దుబాట్లు చెబుతూ 1940 మార్చిలో పోయాడు. ఆమె 26 సంవత్సరాలు కాచుకొని, 1966లో ఒక మాసపత్రికలో, కోతలతోనైనా, దానిని వెలుగు చూపించింది. కోసివేసిన భాగాలను జనం టైపు చేసుకొని పుస్తకంలో అతికించుకున్నారు.

వసీలీ గ్రోస్‌మన్‌కు ఆ భాగ్యం కలగలేదు. ఆయన ప్రభుత్వానికి శత్రువు కాడు. స్టాలిన్‌గ్రాడు యుద్ధంలో సిపాయిల మధ్య ఉండి వార్తలు వ్రాసిన గొప్ప విలేఖరి. తల్లిని 1941లో బెర్దీచెవ్ అనే ఊళ్ళో జర్మనులు మిగతా యూదులతోపాటు చంపివేశారు. ఆ తల్లికే ‘జీవితమూ విధీ’ అనే మహానవల అంకితమిచ్చాడు. అందులో ఒక అధ్యాయం పూర్తిగా ఒక తల్లి కొడుకుకు వ్రాసే కడపటి ఉత్తరం. నవలలో హిట్లర్ రాజ్యానికీ స్టాలిన్ రాజ్యానికీ పోలికలు చూపాడు. 1961 ఫిబ్రవరిలో పోలీసులు వచ్చి మనిషిని ముట్టకుండా పుస్తకాన్ని పట్టుకుపోయారు. వ్రాతప్రతులు, టైపు ప్రతులు, కార్బన్ కాగితాలు, చివరకు టైపు మిషను రిబ్బను కూడ! నా పుస్తకానికి విడుదల ప్రసాదించండి అన్న ధోరణిలో ఆయన క్రుశ్చెవ్‌కు వ్రాసుకున్నాడు. పార్టీ పెద్ద సుస్లోవ్ పిలిపించి, ఇలాంటి పుస్తకం రెండు మూడు వందల ఏళ్ళదాకా అచ్చుకాదన్నాడు. 1964లో గ్రోస్‌మన్ కాన్సరుతో మరణించాడు, పుస్తకం ఎక్కడా మిగలలేదేమోనన్న బెంగతోనే.

అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు కొండమీద అరలో శతాబ్దాలు పడి ఉండి మనకు దొరికాయి గనుక, సుస్లోవ్ లెక్క మనకు మరీ అసాధ్యంగా తోచదు. ఐతే అంతకాలం పట్టలేదు. ఒక ప్రతి కవి లీప్కిన్ దగ్గర, మరొకటి వేరే ఊళ్ళో ఇంకొక స్నేహితుని ఇంట క్షేమంగా ఉన్నాయి. లీప్కిన్ ప్రతికి చిన్న ఫిల్ములు తీసి దేశం దాటించారు. 1980లో స్విట్జర్లాండులో, 1988లో రష్యాలో నవల వచ్చింది. పోలీసులు పట్టుకుపోయిన అసలు కాగితాలను 2013లో ప్రభుత్వ పురాలేఖ భాండారానికి అప్పగించారు.

సోల్జెనిత్సిన్ పేరు అందరూ ఎరిగినదే గనుక ఆయనను గూర్చి విస్తరించను. శిబిరంలో ఉన్నప్పుడు కాగితం లేక, రొట్టె పిండితో చేసిన జపమాల పూసలు లెక్కపెట్టుకుంటూ పద్యాలు కంఠస్థం చేశాడు. శిక్ష ముగిసేసరికి 12,000 పంక్తులు నోటికి వచ్చేవట. మన తాతల జపమాల గుర్తు రాకమానదు. ఆయన ‘గులాగ్ ద్వీపసమూహం’ టైపు చేసినవారిలో ఎలిజవేతా వోరోన్యాన్‌స్కాయా అనే వృద్ధురాలు ఉంది. తన దగ్గరున్న ప్రతిని కాల్చివేయమని ఆయన కబురు చేశాడు. కాల్చానని ఆమె చెప్పింది. నిజానికి కాల్చలేదు, చేతులారా టైపు చేసినదాన్ని నిప్పులో వేయడానికి మనసు రాలేదు. 1973 ఆగష్టులో పోలీసులు ఐదు రోజులు రాత్రింబవళ్ళు ప్రశ్నించగా ఎక్కడ పాతిపెట్టారో చెప్పివేసింది. ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే ఉరికి వేలాడుతూ కనబడింది. ఆ వార్త వినగానే సోల్జెనిత్సిన్ ఇక ఆగలేక, విదేశంలో ఉన్న ప్రతిని పారిస్‌లో అచ్చువేయమన్నాడు. 1974 ఫిబ్రవరిలో ఆయనను దేశం నుంచి వెళ్ళగొట్టారు. కాల్చని ఆ వృద్ధురాలి నేరమేమిటో, కాల్చలేని ఆమె గొప్పతనమేమిటో - ఆ రెండూ ఒకటే కావడమే ఆమె దురదృష్టం.

ఇలా టైపులో చేతులు మారే సాహిత్యానికి ‘సమిజ్‌దాత్’ అని పేరు. స్వయంగా అచ్చువేసుకున్నది అని అర్థం. ఉల్లిపొర కాగితాల నడుమ కార్బన్లు పెట్టి ఒక్క దెబ్బకు ఐదారు ప్రతులు కొట్టేవారు. అడుగు ప్రతి కళ్ళు చిట్లించినా కనబడేది కాదు. ఒక రాత్రికి ఇస్తారు. తెల్లవారేలోగా చదివి అందించాలి. ఇల్లంతా కూర్చుని పుట పుట చేతులు మార్చుకుంటూ చదివేవారు. పుస్తకానికి అంతటి మర్యాద ఏ దేశంలో జరిగింది?

1987 మొదలు కట్లు సడలాయి. 1990లో సెన్సారు చట్టప్రకారం రద్దయింది. దాచినవన్నీ ఒక్కసారి మాసపత్రికలలో వరదగా వచ్చిపడ్డాయి. ‘నోవీ మీర్’ పత్రిక ఒక్కటే 1990లో ఇరవై ఐదు లక్షల ప్రతులు దాటింది. 1991లో ఆ రాజ్యమే కూలింది. ఆ వెంటనే ధరలు పెరిగాయి, జీతాలు ఆగాయి. పత్రికల ప్రతులు కొద్ది ఏళ్ళలోనే లక్షలనుంచి వేలకు దిగిపోయాయి. నిషేధమున్నప్పుడు రాత్రంతా మేల్కొని చదివినవారు, అంగడిలో దొరికినప్పుడు కొనలేకపోయారు, కొందరు కొనదలచనూ లేదు.

ఆ తరువాతి సాహిత్యంలో నాకు ముఖ్యమనిపించేది స్వెత్లానా అలెక్సియేవిచ్ కృషి. 1948లో పుట్టిన బైలోరష్యా రచయిత్రి; వ్రాసేది రష్యను భాషలో. ఆమె కల్పించి వ్రాయదు. టేపు రికార్డరు తీసుకొని ఇండ్లకు వెళ్తుంది, వంటింట్లో కూర్చుంటుంది, మనుషులను మాట్లాడిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధంలో తుపాకి పట్టిన, గాయాలు కట్టిన స్త్రీల మాటలతో 1985లో ఒక పుస్తకం, చెర్నోబిల్ అణుప్రమాదం అనుభవించినవారి మాటలతో 1997లో ఒకటి, సోవియట్ రాజ్యం పోయాక దిక్కుతోచనివారి మాటలతో 2013లో ఒకటి. ఈ చివరిదానిలో శిబిరాలలో మగ్గినవారూ ఉన్నారు, ఆ రాజ్యం పోయినందుకు ఏడ్చేవారూ ఉన్నారు. ఒక్కోచోట ఆ ఇద్దరూ ఒకే మనిషి. ఎవరినీ ఆమె ఎగతాళి చేయదు. అఖ్మాతోవా స్నేహితురాండ్రు కాగితంమీది మాటను మనసులోకి తీసుకున్నారు. ఈమె మనసులో ఉండిపోయినదాన్ని కాగితంమీదికి తెచ్చింది. 2015లో నోబెల్ బహుమానం వచ్చింది. 2020లో మిన్‌స్క్ నగరంలో ప్రభుత్వ వ్యతిరేక ఉద్యమం చెలరేగినప్పుడు సమన్వయ మండలిలో చేరినందుకు ప్రశ్నింపబడి, ఆ సెప్టెంబరులో జర్మనీకి వెళ్ళిపోయింది. శిబిరాల చరిత్రను సేకరించిన ‘మెమోరియల్’ సంస్థను మూసివేయమని 2021 డిసెంబరులో రష్యా సుప్రీం కోర్టు ఆజ్ఞాపించింది. మరుసటి ఏడాది ఆ సంస్థకు నోబెల్ శాంతి బహుమానంలో భాగం దక్కింది.

ఈ పుస్తకాలలో దేనితో మొదలుపెట్టాలని అడిగేవారికి: గ్రోస్‌మన్ నవల పెద్దది, పేర్లు ఎక్కువ, ఓపిక కావాలి. ‘సోఫియా పెత్రోవ్నా’ నూరు పుటల చిల్లర. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది, దానితో మొదలుపెట్టవచ్చును. నదేజ్దా జ్ఞాపకాలు ఇంగ్లీషులో ‘హోప్ ఎగెనెస్ట్ హోప్’ అన్న పేరుతో దొరుకుతాయి. రష్యను భాషలో నదేజ్దా అన్న మాటకు ఆశ అని అర్థం.